‘పన్ను కట్టేవాడు’ ఎవరు? చెత్తపన్ను వివాదంపై ఒక దళిత విమర్శ

మన పట్టణాల్లో పన్నుల మీద కోపం కొత్తదేమీ కాదు. కొళాయికి నీళ్లు రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా, కాలువ పూడిపోయి మురుగు రోడ్డెక్కినా ముందు వచ్చే మాట ఒకటే: పన్నులు కడుతున్నాం, పనులేవీ? న్యాయమైన ప్రశ్నే. మున్సిపాలిటీని నిలదీసే హక్కు ఊళ్లో ఉన్న ప్రతివాడికీ ఉంది. కానీ ఈ ప్రశ్న వేస్తున్న మనిషి ఎవరు, అతను ఏ వీధిలో ఉంటాడు, అతను ‘పనులు’ అంటున్నవి ఎవరి ఒంటి మీదుగా జరుగుతున్నాయి అని పత్రికలు గానీ, పార్టీలు గానీ, మన అభ్యుదయ మేధావులు గానీ అడగరు. 2021 నుంచి 2024 దాకా ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన చెత్తపన్ను గొడవను ఈ వైపు నుంచి ఒకసారి తిరగేసి చూడాలని ఈ వ్యాసం.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2020లో కరోనా దెబ్బకు రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయినప్పుడు, అదనంగా అప్పు చేసుకోవడానికి కేంద్రం వీలు కల్పించింది. ఊరికే కాదు, షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తిపన్నును ఆస్తి విలువకు ముడిపెట్టాలి, నీటికీ మురుగుకూ చార్జీలు సవరించాలి అన్నది అందులో ఒకటి. అలా చేసిన రాష్ట్రానికి స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం అదనపు అప్పు పుడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం మార్చింది. అద్దె విలువ లెక్కన వేసే పన్ను తీసేసి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ లెక్కన వేయడం మొదలుపెట్టింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా. ఏడాదికి 15 శాతానికి మించి పెరగకుండా కట్టడి. 375 చదరపు అడుగుల లోపు సొంతింటికి ఏడాదికి 50 రూపాయలు. అదే ఏడాది అక్టోబర్ 2న విజయవాడలో 4,097 చెత్త వాహనాలకు జెండా ఊపి ‘క్లాప్’ అనే పథకం మొదలుపెట్టారు. దాని ఖర్చు కోసం ఇంటింటికీ నెలనెలా యూజర్ చార్జీ వేశారు. పెద్ద నగరాల్లో మామూలు ఇంటికి 120 రూపాయల దాకా, మురికివాడలకు అంతకంటే తక్కువ. జనం దీనికి చెత్తపన్ను అని పేరుపెట్టారు. పేరు అతికింది. 2024లో ప్రభుత్వం మారింది. మళ్లీ అక్టోబర్ 2నే మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి చెత్తపన్ను రద్దు ప్రకటించారు. వేసిందీ తీసిందీ గాంధీ జయంతి నాడే. చీపురుకీ గాంధీకీ మన ప్రభుత్వాలు వేసిన ముడి అంత గట్టిది.

ఈ మూడేళ్లూ జరిగిన ఆందోళనలో ఒక పెద్ద గందరగోళం ఉంది. ఆస్తిపన్నునూ చెత్తపన్నునూ ఒకే మూటలో కట్టి ‘పన్నుల మోత’ అన్నారు. ఈ రెండూ ఒకటి కాదు. ఆస్తి విలువ మీద వేసే పన్ను, ఎవడికి ఎంత ఉందో అంత కట్టమంటుంది. చెత్తపన్ను తలపన్ను లాంటిది. కోటి రూపాయల ఫ్లాటుకూ, అదే వార్డులో రెండు గదుల రేకుల ఇంటికీ ఒకటే రేటు. మొదటిది ఆస్తిపరుడి వైపు చూసే పన్ను, రెండోది కూలివాడి జేబులోకి చెయ్యిపెట్టే పన్ను.

మన పట్టణాల్లో ఆస్తి ఎవరిది? కృష్ణా, గోదావరి కాలువల కింద పండిన మిగులు విజయవాడ, గుంటూరు, రాజమండ్రిల్లో స్థలాలుగా, సినిమాహాళ్లుగా, నర్సింగ్ హోములుగా, కాలేజీలుగా, కల్యాణ మండపాలుగా ఎలా మారిందో చాలామంది పరిశోధకులు రాశారు. ఆ చరిత్రలో మాలమాదిగలకు దక్కింది కాలువ గట్టూ, రైలు కట్ట పక్క పోరంబోకూ, ఊరి చివర కాలనీ. కాబట్టి ఆస్తి విలువ మీద పన్ను అంటే, మన సమాజంలో కులం పోగేసిన సంపద మీద పన్ను అని కూడా అర్థం. అందులో లోపాలు లేవని కాదు. ఊరు పెరిగి పాత పేట నడిబజారుకు వస్తే, రిజిస్ట్రేషన్ విలువ పేరుతో ఆ పేటవాళ్ల మీద కూడా పన్ను పడుతుంది. అమ్ముకోని ఇంటి విలువ ఎంతుంటే ఏం, చేతికి రూపాయి రాదు. దీనికి మినహాయింపులు అడగాలి, పోరాడాలి. కానీ ఆ లోపాల మాట ఎత్తినవాళ్లు తక్కువ. ఎత్తిందంతా ‘సామాన్యుడి మీద భారం’ అని. ఆ సామాన్యుడి ముఖం చూడబోతే మూడంతస్తుల ఇంటి ఓనరు. పేటలో ఉండేవాళ్ల చెత్తపన్నును ముందు నిలబెట్టి, కాంప్లెక్సు యజమాని తన ఆస్తిపన్నును దాని వెనకాల దాచుకున్నాడు. పన్ను పెంపుకు 15 శాతం కట్టడి పెట్టడంలోని రాజకీయం కూడా ఇదే. ఏళ్ల తరబడి తక్కువ పన్ను కట్టిన పెద్ద ఇల్లు ఒక్కసారిగా దాని అసలు పన్ను కట్టనవసరం లేదు. మెల్లగా కట్టవచ్చు. ఇంత ఓర్పు మున్సిపాలిటీ ఇంకెవరి విషయంలో చూపిస్తుంది?

వామపక్షాల సంగతి కూడా ఇక్కడ మాట్లాడుకోవాలి. మనవాళ్లలో చాలామంది ఆ యూనియన్లలోనే ఉన్నారు, మున్సిపల్ కార్మికుల కోసం లాఠీ దెబ్బలు తిన్నది కూడా ఆ జెండాల కిందే. ఆ గౌరవం ఆ గౌరవమే. అయినా గమనించాల్సింది ఒకటుంది. పొద్దున వార్డు ఆఫీసు ముందు ‘పన్నులు తగ్గించాలి’ అని ధర్నా చేసిన పార్టీయే సాయంత్రం టెంటు కింద ‘పారిశుధ్య కార్మికుల జీతాలు పెంచాలి’ అని దీక్ష చేస్తుంది. మొదటి వేదిక మీద మాట్లాడేవాళ్లు కాలనీ సంఘాల పెద్దలు. రెండో వేదిక ముందు కూర్చునేవాళ్లు మాదిగలు, రెల్లివాళ్లు, యానాదులు. మధ్యలో ఒక ప్రశ్న ఉంది: ఆ జీతం ఏ డబ్బులోంచి రావాలి? ‘ప్రభుత్వం ఇవ్వాలి’ అంటారు. నిజమే, ఇవ్వాలి. కానీ ఆ జవాబు చెప్పేసి కాలనీ సంఘం పెద్దమనిషిని వదిలేస్తున్నారు. నీ వీధి ఊడ్చే ఆమెకు రెగ్యులర్ జీతం ఇస్తే అందులో నీ వాటా ఎంత అని అతన్ని ఎప్పుడైనా అడిగారా? ‘ప్రజలు’ అనే ఒక్క మాట కింద ఇద్దర్నీ కూర్చోబెట్టేశారు. వర్గం పేరుతో కులాన్ని కప్పడం అన్నది కారంచేడు తర్వాత మనం ఎన్నిసార్లు మాట్లాడుకోలేదు? అదే ఇక్కడ మున్సిపల్ బడ్జెట్ రూపంలో వచ్చింది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. చెత్తపన్నును వ్యతిరేకించినవాళ్లు అది కొత్త పన్ను అన్నారు. అసలు కొత్తది కాదు. పాతదాన్నే రెండోసారి వసూలు చేశారు. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 1965 తీసి చూడండి. ఇంటిపన్ను అని మనం కట్టేది ఒక్క పన్ను కాదు. దానిలో సాధారణ అవసరాల పన్ను, నీటి-మురుగు పన్ను, దీపాల పన్నుతో పాటు స్కావెంజింగ్ టాక్స్ అని ఒక భాగం ఉంది. చెత్త, మలినం ఎత్తి ఊరి బయట పోయడానికని వేసిన పన్ను అది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి జిల్లా మున్సిపాలిటీల చట్టాల నుంచి వచ్చిన వారసత్వం. అంటే మన పట్టణాల్లో ఇల్లున్నవాడు చెత్త ఎత్తడానికి పన్ను కట్టడం తాతల కాలం నాటి సంగతి. మరి ఆ పద్దు కింద వసూలైన డబ్బుకూ, ఆ పని చేసేవాళ్లకు ఇచ్చిన జీతానికీ సంబంధం ఏమిటి? ఈ లెక్క అడిగితే చెత్తపన్ను అన్యాయమని తేలిగ్గా రుజువవుతుంది. అయినా అడగలేదు. ఎందుకంటే ఆ పద్దు తెరిస్తే పన్ను వైపే కాదు, జీతం వైపు కూడా చూడాల్సి వస్తుంది. జీతం వైపు చూస్తే కులం కనబడుతుంది.

ఎలా కనబడుతుందో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మా అమ్మ కోస్తాలో ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద వీధులు ఊడ్చింది. తెల్లారుజామున నాలుగింటికి మేస్త్రీ ముందు నిలబడి మస్టరు వేయించుకోవాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ పూట జీతం లేదు. పీఎఫ్ అని జీతంలోంచి కోసుకున్న కాంట్రాక్టరు అది ఎక్కడా కట్టలేదు. ఇవన్నీ మనకు తెలిసిన కథలే, మళ్లీ చెప్పడం దండగ. నేను చెప్పదలచింది వేరే. ఒకరోజు ఒక ఇంటావిడ, “ఏమే, పన్నులు కడతన్నాం గదా, మా గేటు ముందు సరిగ్గా ఊడవ్వేం?” అందట. మా అమ్మ, “మేమూ కడతన్నామమ్మగోరూ ఇంటిపన్ను. మా పేటలోకి చెత్తబండే రాదు” అంది. ఆవిడకు ఆ మాట అర్థం కాలేదట. కోపం కూడా రాలేదు, అర్థం కాలేదు. ఊడ్చేదానికి ఇంటిపన్ను ఉంటుందనే సంగతి ఆవిడ ఊహకే అందలేదు. ఊరంతా ఊడ్చేవాళ్ల పేటకు బండి రాకపోవడం మాత్రం ఎవరికీ వింత కాదు.

నేను విమర్శ అంటున్నది ఈ ఊహాలోపం మీదే. పన్ను కట్టేవాడు అనగానే మన మనసులో ఒక మనిషి తయారై ఉన్నాడు. అతనికి గేటు ఉంటుంది, రసీదు పుస్తకం ఉంటుంది, పత్రికకు ఉత్తరం రాసే భాష ఉంటుంది. సమ్మెల కాలంలో పత్రికలు తిరగేస్తే ఇతను స్పష్టంగా కనబడతాడు. 2023 డిసెంబర్ 26 నుంచి 2024 జనవరి రెండో వారం దాకా ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు. ఆ రోజుల్లో వచ్చిన ఫోటోల పద్ధతి చూడండి: పొంగిపొర్లే చెత్తకుండీ, ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకుని పోతున్న పౌరుడు. సమ్మె అంటే చెత్త. చెత్త అంటే పౌరుడికి ఇబ్బంది. చెత్తకుండీ ఖాళీగా ఉన్న మిగతా మూడొందల నలభై తొమ్మిది రోజులు దాన్ని ఖాళీ చేసిన ముక్కుకు ఏ రుమాలుందో ఫోటోగ్రాఫరు తీయడు. ‘పౌరసేవలకు అంతరాయం’ అని శీర్షిక పెడతారు. సేవ! ఈ మాట మనల్ని చాలా కాలంగా మోసం చేస్తోంది. పని అంటే కూలి అడగొచ్చు, సేవ అంటే అడగడం పాపం. 1946లో పాకీపనివాళ్ల సమ్మెల గురించి రాస్తూ గాంధీ, వాళ్ల బాధలు నిజమే అయినా కొన్ని విషయాల్లో సమ్మె తగదని, ఇది అలాంటిదని అన్నాడు. ఎనభై ఏళ్లు కావస్తున్నా మన పత్రికల సంపాదకులు ఆ వాక్యం చుట్టూనే తిరుగుతున్నారు. ఇప్పుడు సమ్మె వద్దనడానికి గాంధీ అక్కర్లేదు, ‘పన్ను చెల్లింపుదారు’ చాలు.

హైదరాబాద్ వైపు చూస్తే ఈ బొమ్మ ఇంకా తేటగా ఉంటుంది. తొంభైల చివర్లో అక్కడ రెండు సంస్కరణలు దాదాపు ఒకేసారి వచ్చాయి. ఒకటి, 1999-2000లో ఇంటిపన్నుకు స్వయం మదింపు పద్ధతి. ఇంటి యజమాని తన ఇంటి కొలతలు తనే రాసి, తన పన్ను తనే లెక్కగట్టుకోవచ్చు. రెండోది, రోడ్లను యూనిట్లుగా కోసి ఊడ్చే పనిని కాంట్రాక్టర్లకు అప్పజెప్పడం. రెండింటినీ కలిపి సంస్కరణ అని మెచ్చుకున్నవాళ్లున్నారు, వసూళ్లు పెరిగాయి, నగరం శుభ్రపడిందన్నారు. నాకు మాత్రం ఒకటే కనబడుతుంది. ఇంటాయన తన గురించి తను రాసుకున్నదాన్ని మున్సిపాలిటీ నమ్మింది. ఊడ్చే ఆమె పనికి వచ్చానంటే నమ్మలేదు. మొదట మేస్త్రీ కేక, తర్వాత వేలిముద్ర మిషను, ఈమధ్య ముఖం గుర్తుపట్టే ఫోను. ఏళ్లతరబడి బ్లీచింగుతో, చీపురు పుల్లతో అరిగిపోయిన వేలికి ముద్ర పడక జీతం తెగిన ఆడవాళ్లు మన వాడల్లో ఎందరో.

2015 జులైలో హైదరాబాద్ కార్మికులు సమ్మె చేశారు. జీతం 8,500 నుంచి 12,500 అయింది. 2016 ఫిబ్రవరి కార్పొరేషన్ ఎన్నికలకు ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను కట్టేవాళ్లు 101 రూపాయలు కడితే చాలన్నారు. ఇది బీదవాళ్లకు ఉపయోగపడే మినహాయింపే, మనం సంతోషించాల్సిందే. కానీ 2020 నవంబర్‌లో దీపావళి నాడు, మళ్లీ కార్పొరేషన్ ఎన్నికల ముందు, ప్రకటించింది వేరు. నగరంలో ఏడాదికి 15,000 దాకా ఇంటిపన్ను కట్టేవాళ్లకు సగం మాఫీ. పదిహేను వేల ఇంటిపన్ను కట్టేవాడు బీదవాడా? అదే రోజు, అదే నోటితో, పారిశుధ్య కార్మికుల జీతం 14,500 నుంచి 17,500కు పెంచారు. పత్రికలు రెండింటినీ కలిపి దీపావళి కానుక అన్నాయి. పన్ను మాఫీని ఎవరూ దానం అనుకోలేదు, కట్టేవాడికి దక్కాల్సిన ఊరట అనుకున్నారు. జీతం పెంపును మాత్రం అందరూ దయగానే చూశారు. పెరిగిన ఆ 17,500 కూడా, 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల్లో అట్టడుగువాడికి కనీస మూలవేతనంగా పెట్టిన 18,000కు అందలేదు. 2016 అక్టోబర్‌లోనే సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో, తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పు మన మున్సిపాలిటీల గేటు దాటి లోపలికి రాలేదు. ఆంధ్రలో 2020లో ఆప్కాస్ వచ్చి మధ్యలో కాంట్రాక్టరును తీసేసింది, అంతవరకు మేలే. అయినా పని శాశ్వతమైనది, పనివాడు మాత్రం శాశ్వతం కాదు.

రెగ్యులర్ ఉద్యోగికి ఇవ్వాల్సిన జీతానికీ, ఈ కాంట్రాక్టు మనిషికి ఇస్తున్న జీతానికీ మధ్య ఉన్న తేడా ఎక్కడికి పోతోంది? ఎవరూ జేబులో వేసుకోవడం లేదని అనుకుందాం. అయినా అది ఆవిరి కాదు. అది పట్టణంలోని ప్రతి ఇంటి పన్నులోంచి తగ్గుతోంది. అంటే మాదిగపల్లె నుంచి, రెల్లివీధి నుంచి, ఊరికి ఏటా ఒక రాయితీ వెళుతోంది. రసీదు లేదు. రిజర్వేషన్లను, స్కాలర్‌షిప్పులను రాయితీలు అని ఎద్దేవా చేసేవాళ్లు తాము పొందుతున్న ఈ రాయితీ పేరు ఎన్నడూ ఎత్తరు. పని ధర తక్కువగా ఉండటానికి కారణం నైపుణ్యం లేకపోవడం కాదు, మనుషులు ఎక్కువగా ఉండటం కూడా కాదు. ఆ పనికి వేరే కులంవాడు రాడు కాబట్టి, ఉన్నవాడికి వేరే పని దొరకదు కాబట్టి. నమస్తే పథకం కింద గుర్తించిన మురుగుకాలువ, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది షెడ్యూల్డ్ కులాలవాళ్లని 2024లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చిపోయినవాడి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో, ముప్పై లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. సేవల్లో కోత పడిందని పౌరుడు గోలపెడతాడు. ఆ కోత పడేది ఎక్కడ? నలుగురు చేసే పని ఇద్దరు చేస్తారు. గ్లోవ్స్ రావు. బూట్లు రావు. సబ్బు, కొబ్బరినూనె కాగితం మీద వస్తాయి. కోత మొదట మనిషి ఒంటి మీద పడి, ఆ ఒళ్లు ఇక మొయ్యలేనప్పుడు వీధిలో చెత్తగా బయటపడుతుంది. పౌరుడు చూసేది ఆ చివరి దశను.

మున్సిపాలిటీ మన మనుషుల్ని ఇంకో రకంగా కూడా వాడుకుంటుంది. 2020 డిసెంబర్‌లో కృష్ణా జిల్లాలో కొన్ని బ్యాంకులు ప్రభుత్వ పథకాల రుణాలు ఇవ్వలేదని వాటి గుమ్మాల ముందు చెత్త పోయించారు. 2022 మార్చిలో కర్నూలులో చెత్తపన్ను కట్టని దుకాణాల ముందు చెత్త పోయించారు. దేశమంతా మాట్లాడుకుంది. బ్యాంకుల గౌరవం గురించి, వ్యాపారుల గౌరవం గురించి, అధికారుల అత్యుత్సాహం గురించి. ఆ చెత్త ఎత్తి తెచ్చి పోసినవాడెవడు, తర్వాత దాన్ని మళ్లీ ఎత్తినవాడెవడు అని ఒక్కరూ అడగలేదు. ఎవర్నైనా అవమానించాలంటే మన చేతుల్లోని పని చాలు అని ప్రభుత్వానికీ తెలుసు, వ్యాపారికీ తెలుసు. చెత్త కన్నా దాన్ని తెచ్చిన చెయ్యి అంటరానిది. పన్ను వసూలుకు అంటరానితనాన్నే ఆయుధం చేసుకోవడం ఇది. ఆ దుకాణాలవాళ్ల కోపం రేపు ఎవరి మీద పడుతుంది? కమిషనర్ మీద కాదు, పొద్దున్నే చీపురు పట్టుకుని ఆ దుకాణం ముందుకు వెళ్లాల్సిన మనిషి మీద.

ఈ ‘పన్ను కట్టేవాడు’ అనే మనిషికి ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో మన మున్సిపాలిటీల్లో ఓటు పన్నుకు ముడిపడి ఉండేది. పన్ను కట్టినవాడే ఓటరు, ఓటరే పౌరుడు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు అంబేద్కర్ వాదించింది దీని మీదే. అంటరానివాడికి వ్యాపారం చేసే దారి లేకుండా, ఆస్తి కూడబెట్టే దారి లేకుండా చేసిందీ కులమే, ఆస్తి లేదు కాబట్టి ఓటు లేదనేదీ అదే సమాజం. అందుకే వాళ్లకు ఓటు అర్హత బాగా తగ్గించాలన్నాడు, 1928లో సైమన్ కమిషన్ నాటికి వయోజన ఓటు అడిగాడు. మహద్ చెరువు సంగతి కూడా మున్సిపాలిటీ సంగతే. 1924లో చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ మహద్ మున్సిపాలిటీ తీర్మానం చేసింది. 1927 మార్చిలో అంబేద్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగాడు. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తనే వెనక్కి తీసుకుంది. కేసు పదేళ్లు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనవైపు తేలింది. మహద్‌ను మనం ఆత్మగౌరవ పోరాటంగానే చదువుకుంటాం. దాన్ని పౌర సదుపాయాల పోరాటంగా కూడా చదవాలి. ఊరి ఉమ్మడి సొత్తు ఎవరిది అన్నదే అక్కడి తగాదా.

ఇంకా వెనక్కి పోతే ఫూలే ఉన్నాడు. 1876 నుంచి కొన్నేళ్లు పూనా మున్సిపాలిటీ సభ్యుడు. వైస్రాయ్ లిట్టన్ వస్తున్నాడని ఊరు అలంకరించడానికి మున్సిపాలిటీ డబ్బు ఖర్చుపెట్టబోతే అడ్డం తిరిగాడు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిలో ఆయన వాదన మనకు ఇప్పుడు బాగా పనికొస్తుంది: సర్కారు ఆదాయంలో పెద్ద భాగం రైతు చెమట నుంచి వస్తోంది, ఖర్చు మాత్రం పైకులాలవాళ్ల పైచదువులకు పోతోంది. ఇది పన్ను కట్టేవాడి కోపం కాదా? ముమ్మాటికీ అదే. కాకపోతే ఫూలే ఆ కోపాన్ని గేటున్న ఇంటాయన వైపు నుంచి కాక, శూద్రాతిశూద్రుల వైపు నుంచి మాట్లాడాడు. పన్ను కట్టేది మేమే అన్నాడు. మనం ఈ మాట ఎందుకు వదిలేశామో నాకు తెలీదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక పేటలో కొనే బట్టల సబ్బు మీదా పన్నే, టూత్‌పేస్టు మీదా పన్నే. ఆ డబ్బే ఢిల్లీ పోయి ఫైనాన్స్ కమిషన్ గ్రాంటుగా తిరిగి మున్సిపాలిటీకి వస్తుంది. పేటలో అద్దెకుండేవాడి అద్దెలో ఇంటాయన ఇంటిపన్ను కలిసే ఉంటుంది. రసీదు మాత్రం ఇంటాయన పేరు మీద.

ఈ మాట నాకు చదువుకున్న చోట కూడా అవసరం పడింది. 2016లో రోహిత్ చనిపోయిన తర్వాత, జేఎన్‌యూ గొడవ తర్వాత, ‘పన్ను చెల్లింపుదారుల సొమ్ము’ అనే మాట విశ్వవిద్యాలయాల మీదికి వచ్చిపడింది. మా పన్నులతో చదువుతూ రాజకీయాలా అని. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే, ఫెలోషిప్పు మీద బతికాను, దాచేదేమీ లేదు. ఒక ప్రొఫెసర్ క్లాసులోనే నన్ను చూస్తూ ఆ మాట అన్నాడు. ఆయన ఉండే క్వార్టర్ల ముందు రోజూ ఊడ్చే ఆమెది మా జిల్లానే. ఆమె కట్టే పన్ను, ఆమె వదులుకునే జీతం, ఈ రెండింట్లో దేనితో నేను చదువుతున్నానో ఆయన లెక్కలో లేదు. మున్సిపాలిటీ ఆఫీసు ముందు నిలబడి పనులేవీ అనేవాడూ, యూనివర్సిటీ గేటు ముందు నిలబడి మా సొమ్ము అనేవాడూ ఒకడే. అందుకే చెత్తపన్ను చర్చను స్థానిక సమస్య అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

చెత్తపన్ను పోయినందుకు నాకు విచారం లేదు. తలపన్ను పోవాల్సిందే. అయితే పోయిన రోజున వచ్చిన వార్తలు నేను చదివినంతలో, జనానికి ఎంత మిగిలిందన్న లెక్క ఉంది గానీ, ఆ బండి తోలేవాడికీ, బండి వెనక నడిచేదానికీ జీతం ఇక ఏ పద్దులోంచి వస్తుందన్న లెక్క లేదు. మున్సిపల్ కౌన్సిళ్లలో మనవాళ్లు రిజర్వుడు సీట్లలో గెలిచి కూర్చుంటున్నారు. 74వ సవరణ వచ్చాక ఇది మామూలైంది. బడ్జెట్ సమావేశంలో వాళ్లు అడగాల్సింది సులభమైన ప్రశ్నే: ఈ ఏడాది ఇంటిపన్నులో పారిశుధ్యం పద్దు కింద వచ్చిందెంత, ఊడ్చే చేతులకు ఇచ్చిందెంత, ఖాళీ స్థలాల మీద రావాల్సిన పన్ను ఎవరెవరి పేరున బాకీ ఉంది?

ఈ ప్రశ్న మన రెండు రాష్ట్రాలతో ఆగదు. చెన్నైలో వీధులు ఊడ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు జిల్లాల నుంచి తరాల క్రితం వలసపోయిన ఆది ఆంధ్రులు. 2025 ఆగస్టులో అక్కడి కార్పొరేషన్ రెండు జోన్ల పారిశుధ్యాన్ని ప్రైవేటు కంపెనీకి ఇచ్చేసింది. కార్మికులు రిప్పన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు. కార్పొరేషన్ కిందే పని ఇవ్వండి, కంపెనీ కిందికి తొయ్యకండి అని అడిగారు. కాలిబాటకు అడ్డంగా ఉన్నారని హైకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వచ్చి వాళ్లను బస్సుల్లోకి ఎక్కించి తీసుకుపోయారు.